ఒకే ఇంటి ముందు ఏడుగురు విద్యార్థులు

(మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



తన పేరు మీద పతకాలు, భవనాలు వద్దని మాస్టారు ఇంట్లో చెప్పి వెళ్లారు. అందుకే ఆహ్వాన పత్రం మీద కూడా ‘మాస్టారి స్మారకోపన్యాసం’ అని మాత్రమే వేశారు. ఆయన మెడికల్ కాలేజీలో సామాజిక వైద్యం చెప్పారు. నేను నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ చెప్పాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ మేమిద్దరం మాట్లాడుకున్న విషయాన్నే ఇవాళ తీసుకున్నాను. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, పశువైద్యం, ఇంజనీరింగ్, సోషల్ వర్క్ చదివే పిల్లల్లో చాలామంది ఏదో ఒక రోజు పల్లెకు పనిమీద వెళ్తారు. అక్కడ ఒకరి పనిని ఒకరు అందుకుని ముందుకు తీసుకెళ్లాలంటే, కాలేజీలో ఉండగానే వాళ్లను ఎలా తయారు చేయాలి? నా సమాధానం చిన్నది. పట్టా చేతికి రాకముందే వాళ్ల చేత ఒకే కుటుంబం గురించి కలిసి నిర్ణయం తీసుకునే పని చేయించాలి. కలిసి ఊరు చూసి వస్తే సరిపోదు.

ఎందుకో చెప్పడానికి మన నేల మీది జబ్బునే, నీళ్లలోని ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే ఫ్లోరోసిస్‌నే తీసుకుంటాను. 1934లో మహాజన్ అనే పరిశోధకుడు పాత హైదరాబాదు రాజ్యంలోని పశువుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాశాడు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని మనుషుల్లో ఆ జబ్బును నిర్ధారించి ప్రచురించారు. అంటే మనిషి జబ్బు కాగితం మీదికి ఎక్కడానికి మూడేళ్ల ముందే పశువు జబ్బు ఎక్కింది. ఎక్కడికక్కడ పశువులూ మనుషులూ ఒకే నేలలో ఊరిన నీళ్లే తాగుతున్నారు. కుంటుతున్న ఎద్దును ఒకరి దగ్గరికి, నడుము వంగని రైతును ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లడం అప్పుడూ ఆచారమే, ఇప్పుడూ ఆచారమే.

తర్వాతి కథ ఇంకా లోతైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1970ల మొదట్లో మన ఫ్లోరైడ్ ప్రాంతాల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుపోవడాన్ని వివరించారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే దీనికి చాలిన కారణంగా వాళ్లకు కనిపించలేదు. ఆ ప్రాంతాల వాళ్లు తినే జొన్నను పరీక్షించారు. గింజలో మాలిబ్డినం ఎక్కువగా ఉందనీ, అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తుందనీ, ఎముక బలహీనపడటానికి అదీ తోడవుతుందనీ సూచించారు. నాగార్జునసాగర్ వంటి జలాశయాల చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పెరిగి, నేల గుణం మారి, ఆ మార్పు పైరులోకి వచ్చి ఉండవచ్చన్న ఆలోచన కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒక కుర్రవాడి మోకాలి వెనక ఆనకట్ట కట్టిన ఇంజనీరు, జొన్న పండించిన రైతు, నేలను చదివే వ్యవసాయ శాస్త్రవేత్త, పళ్లెంలోని తిండిని తూచే పోషకాహార నిపుణురాలు, కాలును సరిచేసే ఎముకల డాక్టర్ అందరూ ఉన్నారు. వీళ్లలో ఏ ఇద్దరూ ఒకే తరగతి గదిలో కూర్చుని చదువుకోలేదు.

పరిష్కారం దగ్గరా ఇదే జరిగింది. నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం వాడే పద్ధతిని తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. రసాయన శాస్త్రం ప్రకారం అది చక్కటి పద్ధతి. నీటి క్షారత్వాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది. కలపాలి, మెల్లగా తిప్పాలి, మడ్డి దిగేదాకా ఆగాలి, పైతేట వంచుకోవాలి. ఇది రోజూ చేయాలి. ఎవరు చేయాలి? తెల్లవారుజామునే పత్తి చేలో కూలికి వెళ్లే ఆడమనిషి. ఆమె రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు ఆ పద్ధతి తయారైన గదిలో ఉండి ఉంటే మొదటి ప్రశ్న అదే అయ్యేది. నీటి ఇంజనీరింగ్ చదివే పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. మీ డిజైన్‌లో ప్లాంటు ఎంత ముఖ్యమో, బిందె ఎత్తే చెయ్యి కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న దర్శి, కనిగిరి వైపో, మర్రిగూడ వైపో ఒక ఇల్లు ఊహించుకోండి. తల్లి, తండ్రి, నాయనమ్మ, ఎనిమిదో తరగతి పిల్ల, ఒక గేదె. వైద్య విద్యార్థి ఆ ఇంటికి వెళ్తే నాయనమ్మ నడుము చూస్తాడు, ఎక్స్‌రే రాస్తాడు. డెంటల్ విద్యార్థిని పిల్ల పళ్ల మీది గోధుమరంగు చారలు చూస్తుంది. ఆ పిల్ల నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా చూస్తే ఆమె మంచి డాక్టర్ అవుతుంది. ఫార్మసీ విద్యార్థి గూట్లోని ప్లాస్టిక్ సంచి విప్పమంటాడు. అందులో నొప్పి బిళ్లలు ఉంటాయి. చీటీ లేకుండా ఏళ్ల తరబడి కొన్నవి, కిడ్నీలకు చేటు చేసేవి. డాక్టర్‌కు చెప్పాలని ఆ ముసలమ్మకు తోచదు. ఆమె లెక్కలో అవి మందులే కావు, ‘నొప్పి గోళీలు’. ఇంజనీరింగ్ విద్యార్థి బోరు ఎన్ని అడుగులో అడుగుతాడు. మన గ్రానైట్ నేలల్లో లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ పెరిగే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి అది సరైన ప్రశ్నే. కానీ నల్లా నీళ్లు వస్తున్నా, క్యాను నీళ్లు కొంటున్నా, వంటకు ఏ నీళ్లు పోస్తున్నారని అడగడం నర్సింగ్ విద్యార్థినికి అలవాటు. పప్పు ఉడికేది బోరు నీళ్లలోనే అయితే తాగే నీరు మార్చి సగమే సాధించాం.

ఇక గేదె ఉంది. పాలిస్తుంది కాబట్టి పిల్లకు కాల్షియం అందుతోందని వైద్య విద్యార్థి తన రికార్డులో రాసుకుంటాడు. పశువైద్య విద్యార్థి అయితే పాలు ఎన్ని లీటర్లు, ఎక్కడికి పోతున్నాయి అని అడుగుతాడు. పాలన్నీ పాలకేంద్రానికి పోతున్నాయి. దాణా అప్పు తీరాలి. ఇంట్లో టీకి ఒక గ్లాసు మిగులుతుంది. ఆ అప్పు సంగతి సోషల్ వర్క్ విద్యార్థికి డ్వాక్రా సంఘం పుస్తకంలో కనిపిస్తుంది. ఈ ఏడుగురూ ఆ సాయంత్రం ఒక అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటే, ‘పిల్లకు కాల్షియం బిళ్లలు’ అన్న సలహా మారిపోతుంది. దాని బదులు పూటకు ఒక గ్లాసు పాలు ఇంట్లో ఉంచుకోవడానికి పొదుపు సంఘంతో ఏం మాట్లాడాలి, వంటకు నల్లా నీళ్లు పట్టే వేళ ఎలా కుదురుతుంది, నొప్పి గోళీల స్థానంలో నాయనమ్మకు ఫిజియోథెరపీ ఎవరు నేర్పుతారు అన్న మూడు పనులు బయటికి వస్తాయి. ఈ మూడింటిలో ఏదీ ఒక్క కోర్సు సిలబస్‌లో దొరకదు.

మన దగ్గర విద్యార్థులను ఊళ్లకు పంపే పథకాలు లేక కాదు ఈ పని జరగనిది. 1946లోనే భోర్ కమిటీ సమాజాన్ని చదివిన వైద్యుడు కావాలని చెప్పింది. వైద్య విద్యను పల్లెల వైపు మళ్లించడానికి 1977లో మొదలైన రోమ్ పథకం కింద ప్రతి మెడికల్ కాలేజీకి మూడేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు అప్పగించారు. ఇప్పుడు ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే ప్రతి విద్యార్థీ కొన్ని గ్రామీణ కుటుంబాలను చూసుకోవాలన్న నియమం వచ్చింది. వ్యవసాయ విద్యార్థులు చివరి ఏడాదిలో రావెప్ అనే గ్రామీణ పని అనుభవ కార్యక్రమం కింద ఊళ్లో రైతు దగ్గర ఉండి పని నేర్చుకుంటారు. నర్సింగ్ పిల్లలకు సబ్‌సెంటర్ పోస్టింగులు ఉన్నాయి. 1969లో పుట్టిన ఎన్‌ఎస్‌ఎస్‌కు ఏటా వారం రోజుల క్యాంపు ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఊళ్లను దత్తత తీసుకున్నాయి. ఇన్ని ఉన్నాయి. ఊరి పేర్ల జాబితా మాత్రం ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. వెళ్లే నెలలు వేరు, నింపే రికార్డు పుస్తకాలు వేరు. ఒక్కో ఊరికి ఏడాదిలో నాలుగు కాలేజీలు వచ్చి అవే ప్రశ్నలు అడిగి పోతాయి. పక్క ఊరికి ఎవరూ పోరు. ‘మళ్లీ రాసుకోవడానికి వచ్చారా’ అని ఊళ్లో ఆడవాళ్లు అడిగితే మన పిల్లలు తల వంచుకుంటారు. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. జవాబు ఉండాల్సింది మా తరం ఉపాధ్యాయుల దగ్గర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో ఒక నివేదికతో, 2010లో మరో కార్యాచరణ పత్రంతో వృత్తుల మధ్య ఉమ్మడి విద్య గురించి చెప్పింది. రెండు మూడు వృత్తుల విద్యార్థులు ఒకరితో ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరి గురించి ఒకరు నేర్చుకోవాలన్నది అందులోని సారం. దీన్ని మన కాలేజీల్లో చాలామంది ఉమ్మడి క్లాసుగా అర్థం చేసుకున్నారు. పెద్ద హాల్లో మెడికల్ వాళ్లను ముందు, నర్సింగ్ వాళ్లను వెనక కూర్చోబెట్టి ఒక ఉపన్యాసం ఇప్పిస్తారు. దానివల్ల ఏమీ జరగదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఒక సంగతి స్పష్టంగా చెప్పాడు. రెండు వర్గాలు ఊరికే కలుసుకుంటే చులకన భావం పోదు. ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం లేకుండా ఇంకొకరి పని జరగకూడదు, పై అధికారుల మద్దతు ఉండాలి. అవి లేని చోట కలయిక పాత భావాలను ఇంకా గట్టిపరుస్తుంది కూడా.

సమాన స్థాయి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నేను నర్సింగ్ మనిషిని కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన చోటు. పద్దెనిమిదేళ్ల వైద్య విద్యార్థి ఊళ్లో అడుగుపెట్టగానే ‘డాక్టర్ బాబు’ అవుతాడు, కుర్చీ వస్తుంది. అదే వయసు నర్సింగ్ పిల్ల ‘ఏమ్మాయ్’ అవుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ ఊరి ప్రసవాలన్నీ కళ్లారా చూసిన ఏఎన్‌ఎం నిలబడి ఉంటుంది. ఆశా కార్యకర్త గుమ్మం బయట ఉంటుంది. ఆమె ఏ పేట నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఆ గుమ్మానికీ ఆమెకూ ఉన్న దూరం ఇంకా పెరగవచ్చు. పిల్లలు ఇదంతా చూస్తారు. ఎవరూ పాఠం చెప్పకపోయినా ఒక్క పూటలో నేర్చుకుంటారు. సాయంత్రం చర్చలో వైద్య విద్యార్థి మాట్లాడతాడు, మిగతా వాళ్లు రాసుకుంటారు. మనం ఏ ఏర్పాటూ చేయకపోతే జరిగేది ఇదే. మాస్టారు దీనికి ఒక నియమం పెట్టుకున్నారు. ఊళ్లో చర్చ ఎప్పుడు జరిగినా మొదట ఆశానో, అంగన్‌వాడీ టీచరో, ఏఎన్‌ఎంనో మాట్లాడాలి. వైద్య విద్యార్థి అందరికంటే చివర. తన వంతు వచ్చేసరికి అతను చెప్పదలచుకున్నదాంట్లో చాలా భాగం మారిపోయి ఉండేది. చిన్న మార్పే. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ నేను చూసిన మార్పుల్లో ఇంతగా పనిచేసింది ఇంకొకటి లేదు.

ఆశా వ్యవస్థ రావడానికి చాలా ముందే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో ఇంతకంటే పెద్ద పని జరిగింది. రాజ్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదువుకుని, 1970లో కరువు సీమలో సమగ్ర గ్రామీణ ఆరోగ్య ప్రాజెక్టు మొదలుపెట్టారు. వచ్చిన కొత్తలో ఊళ్ల వాళ్లు అడిగింది ఆసుపత్రి కాదు, నీళ్లు, తిండి. కాబట్టి బోర్లు తవ్వించడం, పిల్లల కోసం వంటశాలలు నడిపించడం వైద్యుల పని అయింది. ఊరూరా ఎంపికైన ఆరోగ్య కార్యకర్తలు వారం వారం జామ్‌ఖేడ్ వచ్చి శిక్షణ తీసుకునేవారు. వాళ్లలో చదువు రాని దళిత స్త్రీలు ఎందరో. కాలక్రమంలో దేశదేశాల నుంచి వచ్చిన డాక్టర్లకు, విద్యార్థులకు ఆ స్త్రీలే పాఠాలు చెప్పారు. ఎవరు గురువు అన్న ప్రశ్నకు వచ్చిన ఆ జవాబు నాకు జామ్‌ఖేడ్‌లో అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

సేవాగ్రామ్‌లో సుశీలా నయ్యర్ స్థాపించిన వైద్య కళాశాలలో 1969 నుంచి విద్యార్థులు మొదటి ఏడాదిలోనే ఊళ్లో క్యాంపు ఉండి, ఆ తర్వాత కూడా అవే కుటుంబాల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తున్నారు. కొనసాగింపు అంటే ఏమిటో అక్కడ నేర్చుకోవచ్చు. మన చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో అయితే వైద్య, నర్సింగ్, అనుబంధ కోర్సుల పిల్లలు కలిసి ఊళ్లో ఉండి సర్వే చేసే కార్యక్రమం ఉంది. అదే సంస్థ 1977లో కె.వి. కుప్పంలో పెట్టిన రుహ్సా అనే గ్రామీణ కేంద్రంలో ఆరోగ్యంతోపాటు వ్యవసాయం, పశుపోషణ, వృత్తి శిక్షణ ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

మరి మనం చేయగలిగేది ఏమిటి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కోర్సులు కలపనక్కర్లేదు, కొత్త సబ్జెక్టు పెట్టనక్కర్లేదు. అన్ని కాలేజీలూ ఒకే మండలాన్ని ఎంచుకోవాలి. వైద్య విద్యార్థికి ఇచ్చిన కుటుంబాలనే నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయ, పశువైద్య, ఇంజనీరింగ్, సోషల్ వర్క్ విద్యార్థులకూ ఇవ్వాలి. కనీసం రెండేళ్లు అవే కుటుంబాలు, అదే జట్టు. ఒక కుటుంబానికి ఒకే పుస్తకం, అందులో అందరి చేతిరాతా ఉండాలి. ఆ పుస్తకం కాలేజీ బీరువాలో కాక సబ్‌సెంటర్‌లో ఉండాలి. మార్కులు జట్టుకు వేయాలి, ఒక్కొక్కరికి విడిగా వద్దు. వ్యవసాయ విద్యార్థి చెప్పిన సంగతి వైద్య విద్యార్థి వినలేదంటే జట్టంతటికీ మార్కు తగ్గాలి. ఏడాదికోసారి గ్రామసభలో, తెలుగులో, ఏం చూశాం, ఏం చేశాం, ఏం చేయలేకపోయాం అని చెప్పాలి. కుటుంబం పేరు, జబ్బు పేరు బయటపెట్టకుండా చెప్పడం ఎలాగో నేర్పడం కూడా ఈ శిక్షణలో భాగమే. ఇంటికి రావద్దన్న కుటుంబం దగ్గరికి వెళ్లకూడదు. దానికి పిల్లల మార్కు పోకూడదు.

కష్టం పిల్లల దగ్గర ఉండదు, ఉపాధ్యాయుల దగ్గర ఉంటుంది. పిల్లలు రెండో వారానికే కలిసి టీ తాగుతారు. మెడికల్ కాలేజీ ప్రొఫెసరు, వ్యవసాయ కళాశాల ప్రొఫెసరు ఒక ఇంటి ముందు కూర్చుని ఒకరి ప్రశ్న ఒకరు వినడం మాత్రం నేను అరుదుగా చూశాను. అందుకని జట్టుగా పనిచేసే శిక్షణ ముందు ట్యూటర్లకు జరగాలి. ఇది చేయకుండా మొదలుపెట్టిన ఏ కార్యక్రమమైనా రెండో బ్యాచ్‌తో ఆగిపోతుంది.

దీనివల్ల జబ్బులు తగ్గుతాయని రుజువు ఉందా అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాలి. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2013లో ఇలాంటి ఉమ్మడి విద్య మీద 15 అధ్యయనాలను పరిశీలించింది. ఏడింటిలో మేలు కనిపించింది, నాలుగింటిలో ఫలితాలు మిశ్రమం, నాలుగింటిలో తేడా లేదు. ఆ అధ్యయనాలు ఒకదానికొకటి పోలిక లేనివి కాబట్టి గట్టి తీర్మానం చేయలేమని సమీక్షకులే చెప్పారు. నేను దీన్నుంచి నిరాశపడను. మన ఊళ్లలో ఈ పని చేస్తే మొదటి రోజు నుంచే లెక్క కట్టుకోవాలని మాత్రం అర్థం చేసుకుంటాను. నొప్పి గోళీలు ఎన్ని ఇళ్లలో తగ్గాయి, వంట నీళ్లు ఎన్ని ఇళ్లలో మారాయి, గ్లాసు పాలు ఎంతమంది పిల్లలకు అందాయి. ఇవి ఆశా కార్యకర్త కూడా లెక్కపెట్టగలిగే సంగతులు.

సిలబస్‌లో ఖాళీ లేదన్నది రెండో అభ్యంతరం. ఆ గంటలు ఇప్పటికే ఉన్నాయి. అందరూ వేర్వేరు దారుల్లో ఖర్చు పెడుతున్నారు, అంతే.

ఉద్యోగంలో చేరాక ఈ అలవాటు ఎక్కడ పనికొస్తుందన్నదానికి మన దగ్గర కళ్లముందే జవాబుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్, వ్యవసాయ సహాయకులు, పశుసంవర్ధక సహాయకులు, సంక్షేమ సహాయకులు, ఏఎన్‌ఎం ఒకే ఊరికి నియమితులయ్యారు. పల్లెలో ఇన్ని వృత్తుల యువతీ యువకులను ఒకేసారి పెట్టడం చాలా పెద్ద అడుగు. కానీ ఒక్కొక్కరి పై అధికారి ఒక్కో శాఖలో ఉంటాడు, ఒక్కొక్కరి యాప్ వేరు, ఒక్కొక్కరి టార్గెట్ వేరు. పక్క కుర్చీలో ఉన్న మనిషికి ఏం తెలుసో అడగడం ఎవరూ నేర్పలేదు. చదువుకునే రోజుల్లో ఒక్క కుటుంబం కోసం ఆ పని చేసి ఉంటే ఆ కుర్చీల మధ్య మాట నడిచేది.

చివరగా ఒక కోరిక. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ, స్విమ్స్, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. హైదరాబాదులో రాజేంద్రనగర్ చుట్టూ వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. 2005 దాకా మన ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయం, పశువైద్యం, గృహవిజ్ఞానం ఒకే విశ్వవిద్యాలయం కింద ఉండేవని ఇక్కడున్న పెద్దలకు గుర్తే. మళ్లీ ఒక్కటి కమ్మని నేను అడగడం లేదు. ఈ రెండు చోట్లా వైస్ ఛాన్సలర్లు, ప్రిన్సిపాళ్లు కూర్చుని చెరొక మండలం ఎంచుకోండి. ఫ్లోరైడ్ ఉన్న మండలమైతే మరీ మంచిది. ఆ మండలంలోని ఏఎన్‌ఎంలను, ఆశాలను ముందు పిలిచి, ఏ కుటుంబాలకు ఎక్కువ అవసరమో వాళ్లనే చెప్పమనండి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఆ జాబితా సిద్ధం కావాలి. ట్యూటర్ల మొదటి శిక్షణకు మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.